సగము గడ్డి మిగిలియున్నదా?

"శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అని మన పల్లెలలో పెద్దలు చెప్పే మాట మనమందరము విన్నదే. అయితే మన చలి కొన్ని వారాల దుప్పటితో తీరిపోతుంది. జర్మనీలోను, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను చలి అంటే నెలల తరబడి మంచు. అది ఎప్పుడు పోవునో తెలిసికొనుటకు అమెరికా వారు ప్రతి ఫిబ్రవరి 2న ఒక జంతువు వైపు చూచెదరనగా పాఠకులకు నవ్వు రావచ్చును. కాని ఆ ఆచారము యొక్క మూలము మన సంఘ చరిత్రలోనే ఉన్నది.

క్రిస్మస్ మొదలుకొని లెక్కించినయెడల ఫిబ్రవరి 2 నలుబదియవ రోజు. మరియ యోసేపులు శిశువైన యేసును దేవాలయమునకు తెచ్చిన సందర్భాన్ని (లూకా 2:22-38) సంఘము ఆ రోజున జ్ఞాపకము చేసికొన్నది. ఆ శిశువు అన్యజనులకు వెలుగు అని సుమెయోను పలికెను గనుక ఐరోపా సంఘాలలో ఆ దినమున క్రొవ్వొత్తులను ఆశీర్వదించి వెలిగించేవారు. అందువలన దానికి క్రొవ్వొత్తుల పండుగ అని పేరు వచ్చింది.

ఈ పండుగ సరిగా చలికాలము మధ్యలో పడుతుంది. ఆ రోజు ఎండ కాస్తే చలి ఇంకా సాగునని, మబ్బు పట్టితే త్వరగా పోవునని ఐరోపా రైతులు నమ్మేవారు. ఇందులో కొంత అనుభవము లేకపోలేదు. అక్కడ చలికాలములో ఆకాశము తేటగా ఉంటే చలి ఎక్కువ. సముద్రము మీదనుండి మబ్బులు వస్తే కొంత వెచ్చదనము. జర్మన్ రైతులు దీనికి బాడ్జరు అనే బొరియ జంతువును జోడించారు. అది ఎండలో తన నీడను చూచినచో మరల బొరియలో దూరునట!

పెన్సిల్వేనియాకు వలస వెళ్ళిన జర్మన్లు ఈ నమ్మకాన్ని తమతో తీసికొని వెళ్ళి, అక్కడ విరివిగా కనబడే గ్రౌండ్‌హాగ్‌కు అంటగట్టారు. అది ఉడుత కుటుంబానికి చెందిన, పిల్లియంత జంతువు. అక్కడి పంక్సటానీ పట్టణములో 1887 నుండి ఇది పెద్ద ఉత్సవమైనది. జంతువు నీడ కనబడితే మరి ఆరు వారాలు చలి అని ప్రకటిస్తారు. అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞులు ఇటీవలి సంవత్సరాల జోస్యాలను లెక్క చూడగా వాటిలో సగమైనా నిజము కాలేదు. నీడ కనబడినా కనబడకపోయినా ఆరు వారాలకు మార్చి మధ్యకు వస్తాము గదా!

అయితే అదే రోజును గూర్చి అమెరికా ఈశాన్య ప్రాంతపు రైతులకు మరొక అలవాటుండేది. అది మాకు మరింత విలువైనదిగా తోచుచున్నది. వారు పశువుల కొట్టములోనికి వెళ్ళి గడ్డి ఎంత మిగిలిందో చూచేవారు. ఆ రోజుకు సగము గడ్డి, సగము కట్టెలు మిగిలియుండవలెను. పచ్చగడ్డి మొలచుటకు ఇంకా నెలలు పట్టును. మబ్బును నమ్మి ధారాళముగా మేపినవాని ఆవులు మార్చిలో ఆకలికి పడిపోవును. ఇది జోస్యము కాదు, లెక్క.

ఆకాశమును చూచి వాతావరణము చెప్పుటను మన ప్రభువు తప్పుపట్టలేదు. కాలముల సూచనలను గుర్తించలేకపోవుటనే తప్పుపట్టెను (మత్తయి 16:2-3). సుమెయోనుకు, వృద్ధురాలైన అన్నకు ఏ దినమని ఎవరును చెప్పలేదు. అయినను వారు కనిపెట్టుచుండిరి.

మన కుటుంబాలకును చలికాలములు వచ్చును. ఉద్యోగము పోవును, రోగము వచ్చును, పంట పోవును. "ఇది ఎప్పుడు తీరును?" అని చేతులు చూపించుకొనుచు తిరుగువారు మన సంఘాలలోను ఉన్నారు. ప్రియులారా, దానికి బదులు ఒక సాయంకాలము భార్యాభర్తలు కలిసి కూర్చుండి ఇంట్లో బియ్యమెంత, అప్పు ఎంత, పిల్లల ఫీజులకు ఏమున్నది, మనలో ఓర్పు ఎంత మిగిలియున్నది అని చూచుకొనుడి. పొరుగువాని కొట్టము ఖాళీ అయినదేమో కూడా అడుగుడి. అప్పుడు చలి మరి ఆరు వారాలు సాగినను ఇల్లు నిలుచును.