బనగానపల్లె నవాబులు

వేసవి వచ్చినదన్న మన యిండ్లలో గడ్డి పరచి పండవేయు మామిడికాయలలో బనగానపల్లె కాయకే పెద్దపీట. ఈ పేరు పలుకని గృహిణి యుండదు. కాని యీ యూ రొక సంస్థానమునకు రాజధానిగా నుండెనని యెరిగిన సోదరీమణులు కొందరే యుందురు.

కర్నూలు సీమ నడుమ, యాగంటి క్షేత్రమునకు చేరువను, 255 చదరపు మైళ్ల నేల మాత్రమే కలిగియుండిన రాజ్య మది. బీజాపూరు సుల్తానుల కాలమున ఈ జాగీరు మహమ్మదు బేగ్ ఖానునకు శాశ్వతముగా లభించెను. ఆయనకు మగసంతానము లేదు. మనుమడగు ఫైజ్ అలీఖానును దత్తు చేసికొని జాగీరు నప్పగించెను. 1686లో ఔరంగజేబు బీజాపూరును గెలిచినప్పుడు ఆ యువకుని మేనమామ ముబారిజ్ ఖాను కల్పించుకొనుటచే ఆస్తి దక్కెనని వంశచరిత్ర చెప్పును.

మేనమామ యనగా తల్లి తోడబుట్టినవాడు గదా! కాపాడినది తల్లివైపు బంధుత్వమే. అయినను ఈ వంశక్రమము చదివినచో వరుసగా కనబడునవి మగవారి పేర్లే.

1783లో హుస్సేన్ అలీఖాను మరణింపగా పసివాడగు కుమారుడు గద్దె నెక్కెను. ఏడాది తిరుగకముందే టిప్పు సుల్తాను వారిని వెడలగొట్టెను. కుటుంబమంతయు హైదరాబాదున తలదాచుకొని, కొన్నేండ్లకు మరల పోరాడి ఊరు చేరుకొనెను. పిమ్మట చెంచలిమల జాగీరు వీరికి సంక్రమించెను. కత్తి వలన గాదు, పెండ్లి సంబంధము వలన! ఇక్కడను ఒక స్త్రీయే కారణము.

ఆంగ్లేయుల యేలుబడిలో ఆర్థిక వ్యవహారములు కట్టు దప్పినవని 1832 మొదలు 1848 వరకును, మరల 1905లో కొన్ని మాసములును మద్రాసు ప్రభుత్వము పరిపాలనను తన చేతిలోనికి దీసికొనెను. ఈ రెంటి నడుమ, 1876లో, ఫతే అలీఖానునకు వంశపారంపర్యముగా నవాబు బిరుదము నొసగిరి. తొమ్మిది ఫిరంగుల గౌరవవందనమును ఉండెను. బొక్కసము చిక్కినను బిరుదము పెరిగినదన్నమాట!

ఇది మన దేశపు వింత మాత్రమే కాదు. ఐర్లండులో ఫిట్జిరాల్డు వంశమువారు 1316లో కిల్డేరు ప్రభువులై, 1766లో లీన్‌స్టరు డ్యూకులైరి. అచ్చట బిరుదము మగవారికే చెల్లును. కుమార్తె యెంతటి ప్రజ్ఞావంతురాలైనను దానికి వారసురాలు కాదు. 1922లో డ్యూకైన ఎడ్వర్డు మూడవ కుమారుడు. బిరుదము తనదాక రాదనుకొని, జూదపు టప్పులు తీర్చుటకు పిత్రార్జితముపై తనకు రాబోవు హక్కును ముందే అమ్ముకొనెను. నడిమి యన్న యుద్ధమున మడిసెను, పెద్దయన్నయు గతించెను. డ్యూకు బిరుదము చేతికి వచ్చెను గాని ఆస్తిపై వచ్చు రాబడి కొనినవానిదయ్యెను. అట్టి యింటి స్త్రీలు పడిన మనోవ్యథను ఏ చరిత్రకారుడు వ్రాసినాడు?

బనగానపల్లె 1948లో మద్రాసు రాష్ట్రమున కలిసిపోయెను. 1971లో రాజ్యాంగ సవరణచే దేశమందలి సంస్థానాధీశుల భరణములును, ప్రభుత్వ గుర్తింపును రద్దయ్యెను. మామిడికి మాత్రము 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఊరి వెలుపల నవాబు బంగళా యిప్పటికిని గలదు. 2009లో విడుదలయిన “అరుంధతి” చలనచిత్రము నచ్చట తీసిరి. చూడబోవువారికి దారి చెప్పునప్పుడు జనులు దానిని అరుంధతి బంగళా యనియే చెప్పుచున్నారు.