పాట ఎవరి సొత్తు?

విసుర్రాయి దగ్గర పాడే పాటకు కర్త ఎవరని అడిగితే ఇంట్లో ఆడవాళ్ళు నవ్వుతారు. అత్త పాడగా విన్నానంటుంది కోడలు. ఆ అత్త తన అత్త దగ్గర విన్నది. సాహిత్య విద్యార్థికి ఈ జవాబు చాలు. జానపద సాహిత్యానికి అందమే అదని మేము క్లాసులో పాఠం కూడా చెబుతాము. న్యాయశాస్త్రానికి మాత్రం చాలదు. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని లెక్కలో కర్త పోయిన తరువాత 60 ఏళ్ళు హక్కు వారసులది. కర్త ఎవరో తెలియకపోతే అచ్చయిన నాటినుంచి 60 ఏళ్ళు. తరతరాలుగా నోటనే బతికిన పాట ఈ కొలతలలో దేనికీ చిక్కదు. కాబట్టి అది అందరిదీ అన్నారు. అందరిదీ అనేసరికి, ముందు చెయ్యి చాచినవాడి పంట పండింది.

ఎలాగంటారా? ఒక ముసలమ్మ పాటను ఎవరో వ్రాసుకుని, నాలుగు చరణాలు మార్చి, వాద్యాలు చేర్చి రికార్డు చేశాడనుకోండి. ఆ కొత్త కూర్పుకు హక్కు పుడుతుంది, రికార్డుకు మరొక హక్కు. మరి ముసలమ్మకు?

బొత్తిగా ఏమీ లేదనడానికి వీల్లేదు. 1994 సవరణ ప్రదర్శకులకు హక్కులిచ్చింది. గాయకులు, నర్తకులతోపాటు గారడీవాడు, పాములవాడు సైతం ఆ నిర్వచనంలో ఉన్నారు. (ఉపన్యాసకుడూ ఉన్నాడు! మా వాళ్ళను పాములవాడి సరసన కూర్చోబెట్టిన చమత్కారి ఎవరో గాని, మనిషి గట్టివాడే.) ఆమె పాటను రికార్డు చేయాలంటే ఆమె సమ్మతి కావాలి. ఈ హక్కు ఇప్పుడు 50 ఏళ్ళు నిలుస్తుంది. కాని అది ఆమె పాడినదానికే గాని పాటకు కాదు. నేర్చుకుని మరొకరు పాడితే అడ్డు లేదు.

బొమ్మల సంగతి కొంత నయం. భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో వచ్చి, 2003లో అమలయింది. కొండపల్లి బొమ్మలు, శ్రీకాళహస్తి కలంకారీ, తోలుబొమ్మలు, చేర్యాల పటాలు నమోదయ్యాయి. మిల్లుగుడ్డ మీద అచ్చొత్తి చేర్యాల పటమని అమ్మేవాణ్ణి పట్టుకోవచ్చు. ఆ మాట అనకుండా బొమ్మ ఒక్కటే అచ్చొత్తితే ఈ చట్టం చేయగలిగింది లేదు. అది కాపాడేది పేరును, గీతను కాదు.

అసలు ఆ పటమే ఒక చిక్కుముడి. పటం వ్రాసేవాడు నకాషీ. దాన్ని చూపుతూ మార్కండేయ పురాణం పాడేవారు కూనపులివారు. చెప్పించుకునేవారు పద్మశాలీలు. మరి కథ ఎవరిది? కోర్టుకు ఈ ప్రశ్న కొత్తేమో గాని, ఊరికి కొత్త కాదు. ఏ కుటుంబం ఏ ఊళ్ళో కథ చెప్పాలో మిరాసీ కట్టుబాట్లుండేవి. ఒకరి ఊళ్ళోకి మరొకరు వెళితే తగవే. చట్టాలు వ్రాసే పెద్దలు ఒకసారి ఈ కట్టుబాట్లను విచారిస్తే బాగుండును.

ప్రపంచ మేధాసంపత్తి సంస్థ ఈ విషయాలన్నిటికీ 2000లో ఒక సంఘం వేసింది. 2024 మేలో ఒక ఒడంబడిక కుదిరింది గాని, అది జన్యు వనరులకు, వాటితో ముడిపడిన సంప్రదాయ జ్ఞానానికి సంబంధించినది. ఆటపాటలు అందులో చేరలేదు.

ఈలోగా ఫోన్లు పట్టుకుని ఊళ్ళకు వెళ్ళే మా విద్యార్థులకు నేను చెప్పేదేమంటే, రికార్డు చేసేముందు అడగండి. పాట కింద పాడినామె పేరు, ఊరు, తేదీ వేయండి. రేపు డబ్బు వస్తే ఆమె వాటా ఎంతో ఇవాళే కాగితం మీద పెట్టండి. ఆమె వద్దంటే ఫోను జేబులో పెట్టుకుని, హాయిగా కూర్చుని వినండి.