సైకిల్ అన్న పేరు చాలదు

మోటారు బిగించిన సైకిళ్ల గురించి మేడ్చల్, శామీర్‌పేట వైపు రెండు రకాల నమ్మకాలు కనిపిస్తాయి. సైకిలే కదా, దానికి నంబరెందుకు, లైసెన్సెందుకు, ఏ రోడ్డు మీదైనా పోవచ్చు అన్నది ఒకటి. మోటారు తగిలించాక అది రోడ్డెక్కడమే నేరం, హైవే మీదికి అసలు రానివ్వరు అన్నది రెండోది. రెండూ తప్పే. పైకి ఎదురెదురుగా ఉన్నా రెండిట్లోనూ జరిగిన పొరపాటు ఒకటే. చట్టం దృష్టిలో ఆ బండి ఏమిటి అన్నది ఒక ప్రశ్న, ఆ రోడ్డు ఎలాంటి బండ్ల కోసం కట్టింది అన్నది ఇంకో ప్రశ్న. ఒకదాని జవాబు తెచ్చి రెండోదానికి అతికిస్తే అపోహ తయారవుతుంది.

మొదట బండి సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగు కంటే తక్కువ చక్రాలుండి, ఇంజిను 25 సీసీ మించని బండి మోటారు వాహనం కాదు. ఈ మాటను సగం విని పెట్రోలు కిట్లకు చట్టం అడ్డు లేదనుకునేవాళ్లున్నారు. కానీ సైకిల్ ఫ్రేము మధ్యలో ఇరికించి, గొలుసుతో వెనక చక్రానికి కలిపే ఆ టూ స్ట్రోక్ ఇంజిన్లను ఎక్కువగా 49 సీసీ, 80 సీసీ అని చెప్పే అమ్ముతారు. అంటే గీత దాటేసినట్టే. పెడళ్లున్నాయి కదా అన్న వాదన కూడా నిలవదు. 1972లో వచ్చిన లూనాకూ, 1980లో వచ్చిన టీవీఎస్ 50కీ పెడళ్లుండేవి. కావాలంటే తొక్కుకుంటూ ఇంటికి చేరేవాళ్లు. అయినా ముందూ వెనకా నంబరు ప్లేటు ఉండేది. మరి కిట్టు బిగించిన సైకిల్‌ను కూడా రిజిస్టరు చేయిస్తే పోలా అంటే, అదీ అయ్యే పని కాదు. ఏ మోడల్‌కైనా ముందు పరీక్షా సంస్థ ఆమోదం ఉంటేనే ఆర్టీఏ నంబరిస్తుంది. షెడ్డులో బిగించిన బండికి ఆ కాగితం ఎక్కడిది?

బ్యాటరీ సైకిల్ కథ వేరు. దానికి మినహాయింపు నిజంగానే ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు దాని కొలతలు చెప్పాయి. మోటారు అరగంట పాటు నిలకడగా ఇవ్వగల శక్తి 250 వాట్ల కంటే తక్కువ ఉండాలి. తొక్కుతుంటే సాయపడే రకమైతే, వేగం గంటకు 25 కిలోమీటర్లకు చేరేసరికి మోటారు తగ్గుతూ వచ్చి ఆగిపోవాలి, తొక్కడం మానినా ఆగిపోవాలి. సరైన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి. అసలు మెలిక ఇక్కడుంది: ఇవన్నీ సరిగా ఉన్నాయని చెప్పాల్సింది దుకాణదారు కాదు. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి అధీకృత సంస్థ పరీక్షించి ధ్రువీకరించాలి. అప్పుడే అది చట్టం లెక్కలో మోటారు వాహనం కాకుండా పోతుంది. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు అడగరు.

ఈ గీత దాటడానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. చాలా హబ్ మోటార్ల కంట్రోలరు నుంచి బయటికి ఒక చిన్న వైరు ఉంగరంలా వంగి వేలాడుతుంటుంది. వేగాన్ని పట్టి ఉంచేది అదే. దాని కనెక్టరు ఊడదీస్తే చాలు, 25 దగ్గర ఆగాల్సిన బండి ఇంకా పైకి పోతుంది. ఆ క్షణం నుంచి అది నంబరు లేని, ఇన్సూరెన్సు లేని మోటారు వాహనం. వీడియోల్లో కనిపించే 750 వాట్ల సైకిళ్లతో ఇంకో చిక్కు. అమెరికాలో ఆ శక్తి దాకా సైకిల్‌గానే చెల్లుతుంది. మన నిబంధన ఐరోపా దారిలో ఉంది. అక్కడా 250 వాట్లే, 25 కిలోమీటర్లే. వీడియో చూసి తెప్పించుకున్న కిట్టు మన రోడ్డు మీదికి వచ్చేసరికి పేరు మార్చుకుంటుంది. దాన్ని పదో తరగతి పిల్లాడి చేతికిచ్చి ట్యూషన్‌కు పంపితే, 2019 సవరణ తర్వాత తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు పడే వీలుంది.

ఎలక్ట్రిక్ బండ్లకు రిజిస్ట్రేషనే ఎత్తేశారన్న మాట కూడా అపోహే. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన విధానంలో మాఫీ అయింది రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు. ఆ విధానం కింద డబ్బు కట్టక్కర్లేదు గానీ, మోటారు వాహనం లెక్కలోకి వచ్చే బండికి నంబరు మాత్రం తీసుకోవాల్సిందే.

ఇక రోడ్డు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్లు, కండ్లకోయ దగ్గర చివరి ముక్క 2018లో పూర్తయింది. మేడ్చల్‌కు 6వ ఎగ్జిట్, శామీర్‌పేటకు 7వది. ఈ రెండింటి మధ్య తిరిగేవాళ్లకు పైనున్న 8 వరుసల రోడ్డు ఎప్పుడూ ఊరిస్తూనే ఉంటుంది. దాని మీద ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. పాతిక లక్షల బైకు ఎక్కకూడదు, పాలక్యాన్లు కట్టిన సైకిల్ ఎక్కకూడదు. టోలు కడతామన్నా ఎక్కనివ్వరు. నా సైకిల్ మోటారు వాహనమే కాదు కదా, ఈ నిషేధం నాకెందుకు అని తెలివిగా అడిగేవాళ్లకు జవాబు లెక్కలో ఉంది. అక్కడ కార్ల గరిష్ఠ వేగం 120, సైకిల్ వేగం 25. తేడా 95. వెనకనున్న కారు సైకిల్‌తో 100 మీటర్ల ఎడాన్ని 4 సెకన్లలోపే తినేస్తుంది. బండికి లైసెన్సు అక్కర్లేదన్నంత మాత్రాన ఆ 4 సెకన్లు 5 కావు. 2023 ఆగస్టు నుంచి బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన మార్గం మీద బైకులనూ, ఆటోలనూ, మోటారు లేని బండ్లనూ కలిపే ఆపారు. పద్ధతి ఒకటే.

అయితే దీన్నే సాగదీసి హైవేలన్నీ నిషిద్ధమనుకోవడం రెండో అపోహ. మేడ్చల్ మీదుగా పోయే 44వ జాతీయ రహదారి గానీ, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వైపు పోయే రాజీవ్ రహదారి గానీ ఔటర్ లాంటివి కావు. ఊళ్లూ, దుకాణాలూ, కాలేజీలూ నేరుగా ఆ రోడ్ల మీదికే తెరుచుకుంటాయి. అడ్డంగా నిషేధం బోర్డు పెట్టిన చోట తప్ప సైకిల్‌కు దారి ఉంది. ఔటర్ పక్కన సర్వీసు రోడ్డూ అందరిదే. సర్వీసు రోడ్డు మీద ఎదురొచ్చే లారీలు, రాత్రి చీకటి, మట్టి కుప్పలు, దానికంటే పైరోడ్డే నయం కదా అంటారు. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. కానీ అది సర్వీసు రోడ్డును బాగుచేయించుకోవడానికి కారణమే గానీ పైకి ఎక్కడానికి కాదు. ఇన్నేళ్లుగా ఎవరూ ఆపలేదు అన్న వాదన మరీ బలహీనం. చలానా రాకపోవడం అనుమతి కాదు. ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు లేని బండి నష్టపరిహారం ఇంటి మీదికే వస్తుంది. క్యాంపసులు, గేటెడ్ కాలనీల్లో సొంత దార్లుంటాయి. అక్కడ మాత్రం నిబంధనల్లోని మినహాయింపు చూపించి లాభం లేదు, గేటు దగ్గరి నియమమే చెల్లుతుంది.

కొనేముందు దుకాణంలో ఒక్క కాగితం అడగండి: ఈ మోడల్‌కు పరీక్షా సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం. అది చూపించలేకపోతే, పెట్టె మీద 250 వాట్లు అని ఎంత పెద్ద అక్షరాలతో రాసున్నా కొనకండి.