ఊరొదిలిన వాళ్ళ కథలు: పిల్లలకు చెప్పేదెలా?

'శరణార్థులు' అనే మాట వార్తల్లో తరచూ వింటుంటాం. సిరియా, ఉక్రెయిన్, మయన్మార్... దేశాల పేర్లు మారుతుంటాయి. ఆరు, ఏడు తరగతులు చదివే తమ్ముళ్ళకు ఇవన్నీ దూరదేశాల సంగతులు. పరీక్షలో వస్తే రాసి మరచిపోయే మాటలు. కానీ మన సాంఘిక సంక్షేమ హాస్టల్ పిల్లలకు ఈ సంగతి దూరమైనది కాదు. కథలతో, చిన్న చిన్న ఆటలతో దీన్ని చక్కగా చెప్పవచ్చు. మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేము. పి.జి. చదువుతూ ఆదివారాలు జూనియర్లకు పాఠాలు చెబుతున్నప్పుడు మాకు తెలిసివచ్చిన విషయాలు ఇక్కడ పంచుకుంటున్నాం.

శరణార్థి అంటే ఎవరు?

ప్రతి ఏటా మిరపకాయల కోతలకు కర్నూలు వైపు నుంచి మన పల్లెలకు కుటుంబాలు పిల్లాపాపలతో వస్తాయి. వాళ్ళు వలస కూలీలు. పని అయిపోగానే సొంతూరు వెళ్ళిపోతారు. శరణార్థికి ఆ వీలు లేదు. జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం - వీటిలో దేనివల్లనైనా తనను హింసిస్తారన్న భయంతో దేశం దాటిన మనిషే శరణార్థి అని 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం చెబుతుంది. అదే భయంతో ఇల్లు వదిలినా దేశం దాటకపోతే వారిని నిర్వాసితులంటారు. మన దేశం ఆ ఒప్పందంపై సంతకం చేయలేదు. అయినా 1959లో టిబెటన్లకు, 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన సుమారు కోటిమందికి ఆశ్రయమిచ్చింది.

దగ్గర నుంచి దూరానికి

పిల్లలకు చెప్పేటప్పుడు దగ్గరి కథతో మొదలుపెట్టాలి. 1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో భూస్వాముల దాడిలో ఆరుగురు మాదిగలు హత్యకు గురయ్యారు. మిగిలినవారు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చీరాల చేరి, చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. వారు మళ్ళీ ఆ ఊరికి పోలేదు. చీరాలలో విజయనగర్ కాలనీ అలా వెలిసింది. ఆ ఉద్యమం నుంచే దళిత మహాసభ పుట్టింది. దాని నాయకుల్లో బొజ్జా తారకంతోపాటు మన పొన్నూరులో సంస్కృతం బోధించిన కత్తి పద్మారావు ఉన్నారు. 1991 ఆగస్టు 6న మనకు దగ్గరలోని చుండూరులో ఎనిమిదిమంది దళితులు హత్యకు గురయ్యాక, అక్కడివారు తెనాలిలో శిబిరాల్లో బతికారు. చట్టం ప్రకారం వీరు నిర్వాసితులు. కానీ కట్టుబట్టలతో పరుగెత్తిన రాత్రి శరణార్థికీ, వీరికీ ఒక్కటే.

తర్వాత కాస్త దూరం వెళ్ళవచ్చు. రంగూన్‌లో కూలికి పోయిన తెలుగువారు 1942లో జపాన్ సైన్యానికి భయపడి అడవుల గుండా అస్సాం దాకా నడిచి వచ్చారు. 1962లో అక్కడ సైనిక పాలన వచ్చాక మరికొందరు తిరిగొచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు వారి గుర్తే. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో సల్వాజుడుం మొదలయ్యాక గుత్తికోయలు అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చారు. వారి పిల్లలకు ఇంట్లో కోయభాష, బడిలో తెలుగు.

పనికొచ్చే పుస్తకాలు

జుడిత్ కెర్ 1971లో రాసిన 'వెన్ హిట్లర్ స్టోల్ పింక్ రాబిట్'లో యూదు కుటుంబానికి చెందిన పాప బెర్లిన్ వదులుతూ ఒక్క బొమ్మనే తీసుకోగలుగుతుంది. రచయిత్రి చిన్నతనంలో, 1933లో అలా వెళ్ళిపోయినవారే. ఈ కథను తెలుగులో చెబితే ఆరో తరగతి పిల్లలు కూడా కదలకుండా వింటారు. మనలోనే ఉన్న తేడాలు తెలియాలంటే మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' చదివించాలి. ఒక ముస్లిం కుర్రవాడి ఇల్లు, వంట, పండగ అందులో కళ్ళకు కడతాయి. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరుతో తెచ్చిన పిల్లల పుస్తకాల్లో గోగు శ్యామల వంటి రచయితలున్నారు. మనలాంటి పిల్లలే వాటిలో కథానాయకులు.

చేయించదగ్గ పనులు

1. ట్రంకు పెట్టె ఆట: ఐదు నిమిషాల్లో పెట్టెలోంచి ఐదు వస్తువులే తీసుకోమనాలి. ఏవి వదిలారు, ఎందుకు వదిలారు అని అడగాలి. మనమూ పెట్టె పట్టుకుని ఇల్లు వదిలి వచ్చినవాళ్ళమే. కానీ సంక్రాంతి సెలవులకు వెళ్ళడానికి మనకు ఇల్లుంది. శరణార్థికి లేదు. ఆ తేడాను పిల్లలతోనే చెప్పించాలి.

2. తెలియని భాషలో తరగతి: పది నిమిషాలు తమిళంలోనో కన్నడంలోనో ఆ భాష వచ్చిన సీనియర్ పాఠం చెప్పి ప్రశ్నలడగాలి. గుత్తికోయ పిల్లవాడు బడిలో ఎందుకు మౌనంగా ఉంటాడో అప్పుడు అర్థమవుతుంది.

3. మాటల పట్టిక: వేరుశనక్కాయ, చెనిక్కాయ, పల్లీ - ఒకే కాయకు ఇన్ని పేర్లు. తలా ఒక మాట తెచ్చి గోడకు అంటించాలి. యాస తప్పు కాదని, అది ఊరి చిరునామా అని తెలుస్తుంది.

4. పెద్దల కథ: సెలవుల్లో నాయనమ్మనో, అమ్మమ్మనో 'మనం ఈ ఊరికి ఎక్కడి నుంచి వచ్చాం?' అని అడిగి ఒక పేజీ రాసుకురావాలి.

జాగ్రత్తలు

ఎవరి ఇంటి కష్టాన్నీ పదిమందిలో బలవంతంగా చెప్పించరాదు. చిన్నపిల్లలకు హత్యల వర్ణనలు వద్దు. ఎవరు అన్నం పెట్టారు, ఎవరు గుడిసె వేసిచ్చారు, ఎలా పోరాడి నిలబడ్డారు అన్నది తప్పక చెప్పాలి. 'పాపం' అనిపించడంతో ఆగితే లాభం లేదు. నిలబడ్డవారిపై గౌరవం కలగాలి.

ఇదంతా ఎందుకంటే, సంవత్సరం మధ్యలో చేరిన పిల్లవాడి యాసను, పేరును, తిండిని వెక్కిరిస్తే వాడు నెల తిరక్కుండా పెట్టె సర్దుకుని వెళ్ళిపోవడం మేము చూశాం. అలా వెళ్ళినవాళ్ళలో కొందరికి చదువు అక్కడితోనే ఆగిపోయింది. ఊరు వెళ్ళగొట్టిన బాధ తెలిసిన వాడల నుంచి వచ్చిన మనం, మన గదిలోంచి మరొకరిని వెళ్ళగొట్టకూడదు.

జూన్ 20 ప్రపంచ శరణార్థుల దినం. బడులు తెరిచి కొత్త పిల్లలు చేరే రోజులూ అవే. ఆ వారంలో ఒక సాయంత్రం స్టడీ అవర్‌ను ఈ కథలకు కేటాయించాలని సీనియర్ సోదరులను కోరుతున్నాం. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు తలా ఒక కథల పుస్తకం పంపితే హాస్టల్‌లో ఒక అలమార నిండుతుంది. చదివి వినిపించే పని మేము చూసుకుంటాం.