డ్రైవ్ కనపడట్లేదా? ఫార్మాట్ నొక్కకండి

పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, ఆడిటర్‌కు పంపాల్సిన లెక్కలు, సగం రాసిన థీసిస్... అన్నింటినీ అరచేతిలో ఇమిడే ఒక నల్ల డబ్బాలోకి ఎక్కించి బీరువాలో దాచుకుంటున్న ఇళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. తీరా అవసరం పడ్డ రోజున తీసి కంప్యూటర్‌కు పెడితే లైటు వెలుగుతుంది, డ్రైవ్ మాత్రం కనపడదు. ఇక సలహాలు మొదలవుతాయి. పక్క సీటు ఆయన ఫార్మాట్ కొట్టమంటాడు. బావమరిది ఫ్రిజ్‌లో పెట్టి చూడమంటాడు. యూట్యూబ్‌లో ఎవరో స్క్రూడ్రైవర్ పట్టుకుని మూత ఎలా తెరవాలో చూపిస్తుంటాడు.

డ్రైవ్ కనపడకపోవడం వేరు, అందులోని ఫైళ్లు పోవడం వేరు. మొదటి చిక్కు చాలాసార్లు కేబుల్ మార్చితేనో, డ్రైవ్‌కు డి, ఇ లాంటి అక్షరం ఇస్తేనో తీరిపోతుంది. అది ముదిరి ఫైళ్ల మీదికి రావడానికి తరచూ ఆ తర్వాత కంగారులో చేసే పనులే కారణం.

అపోహ: కనపడలేదంటే డ్రైవ్ పోయినట్టే.

వాస్తవం: ముందు అనుమానించాల్సింది కేబుల్‌ని, పోర్టుని. 2.5 అంగుళాల పోర్టబుల్ హార్డ్‌డిస్క్‌కు విడిగా అడాప్టర్ ఉండదు. లోపలి మోటారు తిరగడానికి కావాల్సిన కరెంటంతా యూఎస్‌బీ పోర్టు నుంచే రావాలి. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు ఇచ్చేది 900. మోటారు మొదలయ్యే క్షణంలో డ్రైవ్ మామూలు కంటే ఎక్కువ లాగుతుంది. మౌస్, కీబోర్డు, పెన్‌డ్రైవ్ అన్నీ వేలాడుతున్న హబ్‌కు దీన్నీ తగిలిస్తే ఆ కరెంటు చాలకపోవచ్చు. అప్పుడు లైటు వెలుగుతుంది గానీ మోటారు తిరగదు. కొన్ని డ్రైవ్‌లు సన్నగా బీప్‌మంటాయి కూడా.

అందుకే హబ్ తీసేసి నేరుగా పెట్టాలి. డెస్క్‌టాప్ అయితే క్యాబినెట్ ముందువైపు పోర్టులు వదిలేసి, వెనకవైపు మదర్‌బోర్డు మీదే ఉండే వాటికి పెట్టాలి. చాలా డ్రైవ్‌లకు వచ్చే కేబుల్ మూతి వెడల్పుగా, మధ్యలో నొక్కు పడి రెండు భాగాలుగా ఉంటుంది. బ్యాగులో నలిగీ నలిగీ ముందు వదులయ్యేది అదే. టైప్-సి అయితే ఇంకో చిక్కు ఉంది. చూడ్డానికి అన్నీ ఒకటే, కానీ కొన్ని కేబుళ్లు చార్జింగ్‌కు తప్ప డేటాకు పనికిరావు. వేరే కేబుల్, వేరే పోర్టు, వేరే కంప్యూటర్ ఈ వరుసలో చూశాకే డ్రైవ్ మీద నింద వేయాలి.

అపోహ: ‘దిస్ పీసీ’లో లేదంటే కంప్యూటర్ గుర్తించనట్టే.

వాస్తవం: అక్కడ కనపడేవి అక్షరం కేటాయించిన డ్రైవ్‌లు మాత్రమే. స్టార్ట్ బటన్ మీద రైట్‌క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే అసలు సంగతి తెలుస్తుంది. డ్రైవ్ అక్కడ ‘హెల్దీ’ అని ఉండి పక్కన అక్షరం లేకపోతే, ఒక అక్షరం ఇస్తే చాలు. ఆఫీసు నెట్‌వర్క్ డ్రైవ్ అదే అక్షరాన్ని వాడుకుంటున్నప్పుడు కొన్నిసార్లు ఇలా జరుగుతుంది. ‘రా’ అని ఉంటే ఫైల్ సిస్టం చదవడానికి రావట్లేదని అర్థం.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. విభజన పట్టిక దెబ్బతిన్న డిస్క్ కనపడితే ‘ఇనిషియలైజ్ చేయమంటారా’ అని ఒక పెట్టె దానంతటదే తెరుచుకుంటుంది. ఓకే నొక్కితే పాత పట్టిక స్థానంలో కొత్తది రాసేస్తుంది. ఫైళ్లు కావాలనుకుంటే క్యాన్సిల్ నొక్కాలి.

మ్యాక్‌లో అయితే డిస్క్ యుటిలిటీ చూడాలి. ఫైండర్ సెట్టింగుల్లో ఎక్స్‌టర్నల్ డిస్కుల దగ్గర టిక్ లేకపోయినా డ్రైవ్ సైడ్‌బార్‌లో కనపడదు.

అపోహ: విండోస్ అడిగింది కాబట్టి ఫార్మాట్ చేయాల్సిందే.

వాస్తవం: ‘ఈ డిస్క్‌ని వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి’ అనే మాటకు ‘ఇందులో ఉన్నది నాకు అర్థం కావట్లేదు’ అన్నదే అసలు అర్థం. డ్రైవ్‌లో ఏమీ లేదని కాదు. మ్యాక్ మీద ఎడిటింగ్ చేసే స్టూడియో ఏపీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఇచ్చిన డ్రైవ్‌ని విండోస్ ల్యాప్‌టాప్ తనంతట చదవలేదు. అదే డ్రైవ్ ఇంకో మ్యాక్‌లో చక్కగా తెరుచుకుంటుంది. తిరకాసు రెండోవైపూ ఉంది. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ని మ్యాక్ చదువుతుంది, కానీ దాని మీద రాయదు. రెండింటికీ తిప్పుకోవాలంటే మొదట్లోనే ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకోవాలి.

పొరపాటున ఫార్మాట్ కొట్టేసినా అంతా అయిపోయినట్టు కాదు. హార్డ్‌డిస్క్‌కు క్విక్ ఫార్మాట్ చేయడమంటే పుస్తకంలో విషయసూచిక చించేయడమే, పేజీలు అలాగే ఉంటాయి. పూర్తి ఫార్మాట్ అలా కాదు. విండోస్ విస్టా నుంచి అది డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది, తర్వాత రికవరీకి ఏమీ మిగలదు. రికవరీ సాఫ్ట్‌వేర్‌ని ఆ డ్రైవ్ మీదే ఇన్‌స్టాల్ చేయడం, దొరికిన ఫైళ్లను మళ్లీ దాని మీదే సేవ్ చేయడం కూడా మిగిలిన పేజీల మీద కొత్త సిరా పోయడమే.

అపోహ: చెక్‌డిస్క్ నడిపితే అంతా సర్దుకుంటుంది.

వాస్తవం: చెక్‌డిస్క్‌కు అప్పగించిన పని ఫైల్ సిస్టంను ఒక దారికి తేవడం, మీ ఫైళ్లను కాపాడడం కాదు. లెక్క కుదరని ముక్కలను కోసేయడానికీ, వేరేచోటికి తోసేయడానికీ అది వెనకాడదు. డిస్క్ ఆరోగ్యంగా ఉండి ఫైల్ సిస్టం మాత్రమే చెదిరితే మంచిదే. సెక్టార్లు పాడవుతున్న డిస్క్ మీద గంటల తరబడి నడిపితే ఉన్న కాస్త ఊపిరీ దానికే ఖర్చవుతుంది. తెలిసినవాళ్లు ముందు డిస్క్ మొత్తానికీ నకలు తీసి, ఏ మరమ్మతైనా ఆ నకలు మీదే చేస్తారు. ఇందుకు ఉచితంగా దొరికే గ్నూ డీడీరెస్క్యూ ముందు సులువుగా చదవగలిగిన భాగాలన్నీ తీసుకుని, మొరాయించే చోట్లకు చివర్లో వస్తుంది.

అపోహ: ఫ్రీజర్‌లో పెట్టినా, మూత తెరిచి కదిపినా మళ్లీ పనిచేస్తుంది.

వాస్తవం: హార్డ్‌డిస్క్‌లో రీడింగ్ హెడ్ తిరిగే పళ్లేనికి కొద్ది నానోమీటర్ల ఎత్తులోనే ఎగురుతూ ఉంటుంది. మనిషి వెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లలో ఉంటుంది. కంటికి ఆనని ధూళి రేణువు సైతం ఆ సందులో పట్టదు. రికవరీ ల్యాబులు క్లీన్‌రూమ్‌లో తప్ప మూత తీయకపోవడానికి కారణం ఇదే. ఫ్రీజర్ నుంచి తీసిన డ్రైవ్ మీద తేమ పేరుకుంటుంది, ఆ తేమతో మోటారు తిప్పితే పళ్లెం గీరుకుపోయే ప్రమాదం. ఎస్‌ఎస్‌డీలో అయితే తిరిగే భాగాలే ఉండవు, చల్లబరచి సాధించేదీ ఉండదు.

అపోహ: టక్‌టక్‌మందంటే ఇక ఎవరూ ఏమీ చేయలేరు.

వాస్తవం: ఆ చప్పుడు హెడ్ దారి తప్పిందనడానికి గుర్తు. వినపడగానే కరెంటు తీసేయాలి. మళ్లీ మళ్లీ పెట్టి చూడడమే నిజంగా డ్రైవ్‌ని చంపుతుంది.

ఆశ ఎంతవరకు ఉంటుందో చెప్పడానికి ఒక విషాదమే ఉదాహరణ. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు ప్రాణాలు కోల్పోయిన కొలంబియా ప్రమాద శకలాల్లో కాలిపోయిన ఒక హార్డ్‌డిస్క్ దొరికింది. అంతరిక్షంలో గ్జెనాన్ వాయువు మీద చేసిన ప్రయోగం వివరాలు అందులో ఉన్నాయి. అమెరికాకు చెందిన క్రోల్ ఆన్‌ట్రాక్ సంస్థ ఇంజినీర్లు పళ్లేలను శుభ్రం చేసి వేరే డ్రైవ్‌లో అమర్చి దాదాపు 99 శాతం డేటా బయటికి తీశారు. ప్రయోగ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. పళ్లేల మీద గుంటలు పడ్డా, పడింది ఇంకా ఏమీ రాయని భాగం మీద. పైగా ఆ కంప్యూటర్‌లో నడిచిన పాత డాస్ సిస్టం డేటాను చెల్లాచెదురు చేయకుండా ఒకేచోట వరుసగా రాసింది. అంత మంటలో పడ్డ డిస్క్ మీద కూడా, ఎవరూ ఏమీ తిరగరాయని చోట రాసింది రాసినట్టే ఉండిపోయింది.

అపోహ: పై డబ్బా విప్పి లోపలి డిస్క్‌ని నేరుగా పెడితే సరి.

వాస్తవం: కొన్నిటికి నిజమే. డబ్బాలోని చిన్న బోర్డు పాడై, లోపలి సాటా డిస్క్ బాగుంటే అలా తీసి పెట్టొచ్చు. కానీ వెస్టర్న్ డిజిటల్ మై పాస్‌పోర్ట్ లాంటి పలు మోడళ్లలో యూఎస్‌బీ పోర్టు డిస్క్ బోర్డు మీదే ఉంటుంది, సాటా కనెక్టరే ఉండదు. కొన్నిట్లో పాస్‌వర్డ్ పెట్టకపోయినా చిప్ డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. వాటిని విప్పి ప్రయోజనం లేదు.

అపోహ: సాఫ్ట్‌వేర్ ‘గుడ్’ అని చూపిస్తే డ్రైవ్ గట్టిగా ఉన్నట్టే.

వాస్తవం: లక్షకు పైగా డిస్కులను గమనించి గూగుల్ పరిశోధకులు 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే ‘స్మార్ట్’ సూచికల్లో పాడవడాన్ని బలంగా సూచించేవిగా తేలినవి నాలుగు. పాడైన డిస్కుల్లో 56 శాతానికి పైగా ఆ నాలుగింటిలో ఒక్కటీ ముందు మోగలేదు. ‘బ్యాడ్’ అంటే నమ్మాల్సిందే. ‘గుడ్’ అంటే మాత్రం హామీ కాదు.

అపోహ: బ్యాకప్ డ్రైవ్ ఉంది కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే.

వాస్తవం: ల్యాప్‌టాప్‌లో చోటు చాలక ఫొటోలన్నీ డ్రైవ్‌లోకి మార్చి ఇక్కడ తీసేస్తే, డ్రైవ్‌లో ఉన్నది బ్యాకప్ కాదు, ఉన్న ఒకే ఒక్క ప్రతి. నిపుణులు పాటించే 3-2-1 సూత్రం ప్రకారం మూడు ప్రతులుండాలి, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి.

ఆ ప్రతులు తెరుచుకుంటాయో లేదో చూసుకోవడం మరో ఎత్తు. 2017 జనవరి 31న సాఫ్ట్‌వేర్ కోడ్ దాచుకునే సేవ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు ఒక సర్వర్ అనుకుని మరో సర్వర్‌లో డేటా తుడిచేశారు. అయిదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నా సమయానికి ఏదీ సరిగా అక్కరకు రాలేదు. రోజువారీ బ్యాకప్ ఎప్పటినుంచో విఫలమవుతోంది, ఆ సంగతి చెప్పే హెచ్చరిక మెయిళ్లూ ఎవరికీ చేరలేదు. చివరికి వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిపెట్టిన నకలే ఆదుకుంది.

కాబట్టి డ్రైవ్ బాగున్నప్పుడే అప్పుడప్పుడూ ఇంకో కంప్యూటర్‌కు పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడాలి. పేరు కనపడితే చాలదు. వీడియో అయితే మధ్యకీ, చివరికీ జరిపి ఆడుతోందో లేదో చూడాలి. జిప్ ఫైలైతే విప్పి చూడాలి. పాస్‌వర్డ్ పెట్టిన డ్రైవ్ అయితే ఆ పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసేలా ఎక్కడైనా కాగితం మీద రాసిపెట్టాలి.