సుగ్గి చేలలో శ్రమదినాలు



మన తుగ్గలి, పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు సంఘాలలో శ్రమదినాలు వచ్చేసరికి గుడి సగం ఖాళీ అవుతుంది. విశ్వాసం తగ్గి కాదు, సుగ్గి వలన. ఊళ్లో కూలి దొరకని ఆ నెలలలో మనవారు బిడ్డలను, వంటపాత్రలను, బియ్యం మూటను తీసుకొని గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్తారు. భస్మ బుధవారం సాధారణంగా ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో వస్తుంది. కోతల కాలమూ అదే. మనం నలువది దినాల కూడికలు పెట్టి, ఊళ్లో మిగిలిన ముసలివారికే వాక్యం చెబుతున్నాము. చేనిగట్టున పట్ట కింద పండుకొనే కుటుంబం శ్రమదినాలను ఎట్లా ఆచరించాలి? ఈ ప్రశ్నకు మాకు మంచి సహాయం దొరికింది కతోలిక పుస్తకాలలో.

"అయ్యగారూ, అవి ఆర్.సి.యం. వారివి గదా!" అని కొందరికి అనిపిస్తుంది. నిజమే. మన పెద్దలలో చాలామంది గుత్తి కేంద్రంగా పనిచేసిన లండన్ మిషను ద్వారా సువార్త విన్నారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. కతోలికులకు కర్నూలు మేత్రాసనం 1967లో ఏర్పడింది. అయితే అటు పిల్లను ఇచ్చిన ఇండ్లు, ఇటు కోడలిని తెచ్చుకున్న ఇండ్లు మన సంఘాలలో లేవా? పెండ్లి పందిట్లో కలిసి భోంచేసిన వియ్యంకులు, నొసట విభూది పెట్టుకోవచ్చునా కూడదా అని బుధవారం నాడు వాదులాడుకుంటారు. ఆ వాదన తీర్చడం మా ఉద్దేశం కాదు. అన్నిటినీ పరీక్షించి మంచిదానిని పట్టుకోమని పౌలు చెప్పినట్లు (1 థెస్స 5:21) చేద్దాము.

థామస్ ఎ కెంపిస్ అనే సన్యాసి రచనగా చెప్పబడే 'క్రీస్తును అనుకరించుట' అనే గ్రంథం అందరూ ఎరిగినదే. ఆయన 1471లో మరణించాడు. లూథరు తన వాదములను ప్రకటించింది 1517లో. అంటే సంఘం చీలకముందటి పుస్తకమది, మన తాతల ఆస్తి కూడా. జాన్ వెస్లీ 1735లో దానిని ఇంగ్లీషులో ప్రచురించాడు. బానిసల ఓడలలో తిరిగిన జాన్ న్యూటన్, 1748లో సముద్రంలో తుఫాను రాకముందు చదువుతున్నది కూడా ఈ పుస్తకమే. ఇందులో ప్రభురాత్రి భోజనాన్ని గూర్చిన భాగం మన బోధతో అంతటా కలవదు. తక్కిన భాగాలలో గర్వాన్ని గూర్చి, మాటలు తగ్గించుకొనుటను గూర్చి చెప్పినది మాత్రం సంఘపెద్దలు, మా వంటి పాదిరులు ఏటేటా చదువదగినది.

సుగ్గికి పోయేవారికి మాత్రం మేము ముందుగా చెప్పేది సహోదరుడు లారెన్స్ సంగతి. ఫ్రాన్సు దేశపు బీదవాడు, యుద్ధంలో గాయపడి కుంటివాడైన సిపాయి. 1640లో పారిస్‌లోని కర్మెలు మఠంలో చేరితే, పెద్ద చదువు లేనందున వంటింట్లో పెట్టారు. వంటపని అతనికి సహజంగా ఇష్టమే లేదు! కుంటి కాలితో ద్రాక్షారసం కొనడానికి పడవలో పంపితే, పీపాల మీద దొర్లుకుంటూ తిరగవలసి వచ్చిందట. అటువంటివాడు ఆ కుండల మధ్యనే దేవునితో మాటలాడుట నేర్చుకున్నాడు. గుడిలో మోకరించిన గంట వేరు, పొయ్యి దగ్గర గంట వేరు అనే భేదం అతనికి లేకపోయింది. 1691లో అతను మరణించిన తరువాత, అతని సంభాషణలను, ఉత్తరాలను కూర్చి చిన్న పుస్తకంగా వేశారు. 'దేవుని సన్నిధి సాధన' అని దాని పేరునకు అర్థం.

ఇందులో మాకు నచ్చినది ఇంకొకటి. ఇదంతా సులువుగా రాలేదనీ, మొదటి పది సంవత్సరాలు చాలా బాధపడ్డాననీ అతను దాచకుండా చెప్పాడు. మనసు తప్పిపోతే తన్ను తాను తిట్టుకుంటూ కూర్చోక, మెల్లగా దేవునివైపు మళ్లించుకొనేవాడు. మిరప ఘాటుకు చేతులు మండుతూ, ఆ చేతితో ఏడ్చే బిడ్డ కన్ను తుడవలేక అవస్థపడే తల్లికి గంటసేపు ప్రార్థన చేయమని చెప్పడం మాకు న్యాయంగా తోచదు. సాలు మొదట ఒక మాట, సాలు చివర ఒక మాట ప్రభువుతో చెప్పమనవచ్చును. లారెన్స్ చేసినది అదే.

ఉపవాసం సంగతీ అంతే. ఎండలో కోత కోసేవారు పస్తుండి సొమ్మసిల్లితే దేవునికి మహిమ ఏమున్నది? కతోలికులు కూడా ఉపవాస నియమాన్ని పిల్లలకు, వృద్ధులకు, రోగులకు పెట్టరు. చేలు ఉండి కూలి ఇచ్చేవారు మాత్రం యెషయా 58వ అధ్యాయాన్ని నిదానంగా చదవాలి. ఉపవాస దినాననే పనివారిని పీడించినవారిని ప్రవక్త గద్దించాడు.

వారి సిలువ మార్గంలో పదునాలుగు మజిలీలు. వాటిలో వెరోనికా ముఖం తుడుచుట వంటివి సువార్తలలో లేవు గనుక మనవారు సందేహిస్తారు. అయితే 1991 శుభ శుక్రవారం నాడు రెండవ జాన్ పాల్ పోపు, గెత్సేమనేతో మొదలుపెట్టి పదునాలుగింటినీ లేఖనాల నుండే తీసుకొని నడిపించాడు. ఆ వరుసను మన కూడికలలో వాడుకొనుటకు అభ్యంతరమేమీ మాకు కనబడదు. మరియమ్మకు, పరిశుద్ధులకు చేసే ప్రార్థనలు వచ్చినచోట మనం ఆగిపోతాము, మధ్యవర్తి ఒక్కడే. ఆ మాట వియ్యంకునితో కోపం లేకుండా చెప్పవచ్చును.

కాలేజీలో చదివే పిల్లలు ఈ పుస్తకాలను ఇంగ్లీషులో చదివి, ఇంట్లో పెద్దలకు మన భాషలో చెప్పితే వారికీ మేలే. ఇక సుగ్గికి బయలుదేరేవారు మూటలో చిన్న బైబిలు పెట్టుకోండి. సెల్‌ఫోనులో ఉన్నది గదా అంటారు; చేలో చార్జింగు ఎక్కడిది? లూకా 22, 23 అధ్యాయాలలో కలిపి 127 వచనాలు ఉన్నాయి. అన్నం తిన్న తరువాత చదువు వచ్చినవారు ఒకరు రాత్రికి మూడు వచనాల చొప్పున పైకి చదివితే నలువది మూడు రాత్రులలో పూర్తవుతాయి. పక్క పట్ట కిందివారు ఆర్.సి.యం. వారైతే వారినీ పిలవండి. 24వ అధ్యాయం పునరుత్థాన ఆదివారం తెల్లవారుజామున, కోతకు దిగకముందు చదవండి.