నూగు చూసి మెత్తన అనుకోవద్దు

అపోహ: నూగు ఉన్న కాక్టస్ గుచ్చుకోదు

ఎక్కువమందిని ఏడిపించేది ఈ నమ్మకమే. నర్సరీల్లో ‘బన్నీ ఇయర్స్’ పేరుతో అమ్మే ఒపన్షియా మైక్రోడేసిస్‌నే తీసుకోండి. సొంత ఊరు మెక్సికో. పెద్ద ముళ్ళు ఉండవు. పచ్చటి పలకల మీద పసుపు చుక్కలు వరసగా అద్దినట్టుంటాయి, పిల్లలు ముట్టుకోకుండా ఉండలేరు. ఆ ఒక్కో చుక్కలో వెంట్రుకకన్నా సన్నని ముళ్ళు గుత్తులు గుత్తులుగా ఉంటాయి. ఒక్కోదానికీ వెనక్కి తిరిగిన కొక్కేలు. వేలు ఆనితే చాలు, మొక్కను వదిలి చర్మంలో దిగిపోతాయి. ఇక దూలగొండి తగిలినట్టే, దురదా మంటా. మన చేలగట్ల మీది నాగజెముడుకూ ఈ నూగుముళ్ళున్నాయి. దాని ఎర్రటి పండు రుచి తెలిసినవాళ్ళు నూగంతా పోయేదాకా రుద్దనిదే నోట పెట్టరు.

గుచ్చుకుంటే చేతిని రుద్దకండి, ఆ చేత్తో కళ్ళు అసలే ముట్టుకోవద్దు. ట్వీజర్‌తో గుత్తుల్ని తీసేసి, మిగిలినవాటి మీద తెల్ల జిగురు పూసి, పల్చటి గుడ్డ అంటించి ఆరాక లాగితే చాలావరకు వచ్చేస్తాయి.

మామిలేరియా బొకసానా సంగతి వేరు. దాని తెల్లటి పోగుల కింద కొక్కెం ముల్లు దాక్కుని ఉంటుంది.

అపోహ: ఆ జుట్టు అందం కోసమే

‘ఓల్డ్ మ్యాన్ కాక్టస్’ అని పిలిచే సెఫలోసీరియస్ సెనిలిస్ మెక్సికోలోని హిడాల్గో ప్రాంతపు లోయల్లో పది మీటర్లు దాటి ఎదుగుతుంది. దాని తెల్లజుట్టు నిజానికి రూపం మార్చుకున్న ముళ్ళే. కాండం మీద ఎండ నేరుగా పడకుండా, గాలి తేమను లాక్కుపోకుండా అడ్డుపడతాయి. ఆండీస్ కొండల మీది ఓరియోసీరియస్ మూడు వేల మీటర్లకు పైన కూడా బతుకుతుంది. అక్కడ పగలు చుర్రుమనే ఎండ, రాత్రి గడ్డకట్టించే చలి. రెండింటికీ ఆ ఉన్నే కాపు.

నన్ను అన్నిటికన్నా అబ్బురపరిచేది ఈక్వడార్‌లో ఉండే ఎస్పోస్టోవా ఫ్రూటెసెన్స్. ఇది రాత్రిపూట పూస్తుంది, గబ్బిలాలు పరాగాన్ని చేరవేస్తాయి. పువ్వుల చుట్టూ ఉన్న ఒత్తయిన ఉన్ని, గబ్బిలం పంపే అతిధ్వనిని చాలావరకు పీల్చేస్తుందని పరిశోధకులు కొలిచి చూశారు. చుట్టూ నిశ్శబ్దం, పువ్వు నుంచి మాత్రం గట్టి ప్రతిధ్వని. చీకట్లో గబ్బిలానికి దారి దొరికేది అలా! అందం కోసమేనని తేల్చేసేముందు ఈ పనితనం తెలుసుకోవాలి.

జుట్టు ఎండకు గొడుగు కాబట్టి, ఈ మొక్కల్ని హాల్లో టీవీ పక్కన నీడలో పెడితే అవి సన్నగా సాగి, జుట్టు పలచబడుతుంది. వెలుతురు బాగా ఇవ్వండి. అయితే షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కను మే నెలలో రెంటచింతల ఎండలోకి ఒక్కసారిగా తేకండి, మెల్లగా అలవాటు చేయాలి.

అపోహ: రోజూ జుట్టు మీద నీళ్ళు చల్లాలి

దీని వెనుక కొంత నిజం లేకపోలేదు. ఒపన్షియా మైక్రోడేసిస్ ముళ్ళు పొగమంచును పట్టి, బొట్లను కొసల నుంచి మొదలువైపు నడిపిస్తాయని 2012లో చైనా శాస్త్రవేత్తలు చూపించారు. కానీ అది ఎడారి పొగమంచు, ఆ పొడిగాలి. మన కాకినాడ, విశాఖ ఉక్కపోతలో తడిసిన ఉన్ని ఆరదు. బూజు పడుతుంది, కుళ్ళు మొదలవుతుంది. కాక్టస్ కాకపోయినా నూగు ఉన్న పాండా ప్లాంట్‌కు, అంటే కలాంకో టొమెంటోసాకు, ఉన్నవి ముళ్ళు కావు, ఆకు చర్మం మీది వెంట్రుకలు. వాటి మధ్య నీళ్ళు నిలిస్తే మచ్చలు పడతాయి. నీళ్ళు మట్టికి పోయండి, మట్టి పూర్తిగా ఎండాకే మళ్ళీ పోయండి. ఇంట్లో పిల్లి, కుక్క ఉంటే పాండా ప్లాంట్‌ను అందకుండా పెట్టండి, కలాంకోలు వాటికి విషం.

అపోహ: చిన్న కుండీలోనే పూసింది

ఓల్డ్ మ్యాన్ కాక్టస్ చాలా ఏళ్ళు పెరిగి, మనిషికి అందనంత ఎత్తయ్యాకే పూస్తుంది. జానెడు మొక్క నెత్తిన రంగుల పువ్వుంటే అది జిగురుతో అతికించిన ఎండుపువ్వు కావచ్చు. కొనేముందు మెల్లగా కదిపి చూడండి.

అపోహ: తెల్లగా ఉన్నదంతా జుట్టే

జుట్టయితే ముళ్ళ గుత్తుల నుంచే, వరస తప్పకుండా వస్తుంది. ఎక్కడపడితే అక్కడ ముద్దలుగా, జిగటగా ఉండి, చీమలు కూడా తిరుగుతుంటే అది పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచెయ్యాలి. నాగజెముడు మీది తెల్ల ముద్దను నలిపినప్పుడు ఎర్రటి రంగు అంటితే అది కాకినీల్ పురుగు. ఎర్ర రంగు అద్దకాల కోసం 1795లో ఇదేనంటూ బ్రెజిల్ నుంచి ఒక పురుగును మన దేశానికి తెచ్చారు. తెచ్చింది అసలు రకం కాదు. దాని రంగు నాసిరకం, కానీ అది ఇక్కడ అడ్డూఅదుపూ లేకుండా పాకిన నాగజెముడు జాతి ఒకదాన్ని తినేసింది. పురుగుతో కలుపును అణచడంలో ప్రపంచంలోనే తొలి ఉదాహరణల్లో ఒకటిగా దాన్ని ఇప్పటికీ చెబుతారు.